ముందు ఎడమ చక్రం

తిరుమలగిరిలో బ్రేకుల సంగతి ఎవరినడిగినా నన్నే చూపిస్తారు. కంటోన్మెంటులో సగం మంది ఆఫీసర్ల కార్లు నా చేతుల మీదుగా పోయినవే. ఒక బ్రిగేడియర్ గారైతే బదిలీ అయి వేరే రాష్ట్రం పోయినా, బ్రేకులు చేయించుకోవడానికి కారును నా దగ్గరికే పంపేవాడు.

ఇంతవరకు రాసి, కాగితాలు పక్కన పెట్టి, చాయ్ తాగొచ్చాను. బ్రిగేడియర్ సంగతి కొట్టేయండి. వచ్చింది ఆయన కాదు, ఆయన డ్రైవరు. తెచ్చింది కారు కాదు, తన సొంత స్కూటరు. వేరే రాష్ట్రం నుంచి కాదు, పక్కనే ఉన్న బొల్లారం నుంచి. అదీ ఒక్కసారే.

మెకానిక్కుల సంఘం పిల్లలు ఈ ఏడాది పుస్తకం వేస్తున్నారు. "సార్, ఏబీఎస్ మీద మీ అనుభవం ఒకటి రాయండి, ఆ సైనిక్‌పురి మేడమ్ కారుదే రాయండి" అన్నారు. ఆ కథ మీరంతా విన్నదే. స్కానర్ కూడా పట్టుకోలేని ఫాల్టును నేను చెప్పులు విడిచి, పెడల్ మీద ఒట్టి పాదం పెట్టి, కళ్లు మూసుకొని పట్టుకున్నానని చాయ్ బండి దగ్గర ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. కళ్లు మూసుకొని కారు నడిపితే గోడకు గుద్దుకోదా అని మీలో ఒక్కరూ అడగలేదు. అడిగి ఉంటే అప్పుడే నిజం బయటికి వచ్చేదేమో.

ఆ ఒట్టి పాదం నాది కాదు.

అది మా షెడ్డులో బ్రేకుల మిస్త్రీది. మేమంతా భాయ్ అనేవాళ్లం. నాకంటే ఆరేడేళ్లు పెద్ద. మల్కాజ్‌గిరిలో ఇల్లు. నేను పానా పట్టుకోవడం నేర్చుకుంది ఆయన పక్కన కూర్చునే. బ్రేకు పని అయిపోయాక ట్రయల్‌కు పోయేటప్పుడు చెప్పులు తీసి సీటు కింద పెట్టేవాడు. కొత్తగా వచ్చినవాళ్లు అదేదో మొక్కు అనుకునేవాళ్లు. ఒకసారి ఒక కస్టమర్ అడిగాడు కూడా, "భాయ్, మా కారు అంత పవిత్రంగా కనిపించిందా?" అని. భాయ్ నవ్వి, "నీ కారు గాదు సార్, పెడల్. పెడల్ మాట్లాడ్తది. మధ్యల చెప్పు పెడితే దానికి నోరు మూసినట్టయితది" అన్నాడు.

నిజంగానే ఆయనకు మాట్లాడేది. గొట్టంలో గాలి బుడగ ఉందా, డిస్కు వంగిందా, ఏ పక్క ప్యాడు ముందు పడుతోంది, అన్నీ ఆ అరికాలికి తెలిసేవి. దిగి చెప్పులు వేసుకుంటూనే, "వెనక ఎడమ జెర వదులు" అనేవాడు. విప్పి చూస్తే వెనక ఎడమే.

తర్వాత స్కానర్ వచ్చింది, కారుకు తగిలిస్తే ఫాల్టు ఎక్కడుందో తెర మీద చూపించే మిషన్. ఏబీఎస్ ఉన్న కార్లు ఎక్కువవుతున్నాయని మా షెడ్డు ఓనరు సేటు తెప్పించాడు. దాని మీద మూడు రోజుల ట్రైనింగుకు నన్ను పంపాడు. మూడు నెలలని మీకు చెప్పి ఉంటాను. మూడు రోజులే, అందులో మూడో రోజు ఫోటోలు, భోజనాలు. తిరిగొచ్చాక నేను నీలిరంగు కోటు వేసుకోవడం మొదలుపెట్టాను. షెడ్డులో "డాక్టర్ సాబ్" అని పిలిచేవాళ్లు. వెక్కిరింపని తెలిసినా బాగానే ఉండేది.

సైనిక్‌పురి మేడమ్ మిలటరీ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యింది. ఒక్కతే ఉండేది. తన కారు తనే నడుపుకొనేది. డ్యాష్‌బోర్డు మీద ఏబీఎస్ లైటు వెలిగి ఆరడం లేదని కారు తెచ్చింది. స్కానర్ పెట్టాను. ముందు ఎడమ చక్రం సెన్సర్ పోయిందని చూపించింది. ప్యాడ్లు కూడా అరిగి ఉన్నాయి. సెన్సర్ పని నాది, ప్యాడ్లు వేసి బ్రేకుల్లో గాలి తీసే పని భాయ్‌ది.

సెన్సర్ అంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు, కాని ఈ పుస్తకం మీ ఇంట్లోవాళ్లు కూడా చదువుతారు కదా. ప్రతి చక్రం దగ్గర ఒక పళ్ల రింగు తిరుగుతుంది. దానికి దాదాపు ఆనుకొని సెన్సర్ ఉంటుంది. చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో అది కంట్రోల్ డబ్బాకు చెప్తుంది. బ్రేకు తొక్కినప్పుడు ఒక చక్రం బిగుసుకుపోయి జారుతుంటే డబ్బా ఆ చక్రానికి బ్రేకు కాస్త వదులుతుంది, మళ్లీ పడుతుంది. ఏబీఎస్ పని అంతే. సెన్సర్ నిజం చెప్పినంతకాలం అది ప్రాణాలు కాపాడుతుంది.

పాత సెన్సర్ తుప్పుపట్టి చక్రం హబ్బులో ఇరుక్కుపోయింది. స్క్రూడ్రైవర్ పెట్టి కొట్టి ఊడబీకాను. కొత్తది పెట్టి బోల్టు బిగించాను. లైటు ఆరింది. మేడమ్‌ను పిలిచి ఆరిన లైటు చూపించాను. వెలిగిన లైటును చూపించడం ఎవడైనా చేస్తాడు, ఆరిన దాన్ని చూపించి మెప్పు పొందడానికి కోటు ఉండాలి.

వారం తిరక్కుండా ఆమె మళ్లీ వచ్చింది.

"బాబూ, గట్టిగా తొక్కితే బాగానే ఆగుతోంది. మెల్లగా గేటు ముందు ఆపుతున్నప్పుడు మాత్రం చివర్లో పెడల్ వణుకుతోంది. కారు ఇంకో మూర ముందుకు పోతోంది. రెండుసార్లు గేటుకు తగిలింది."

స్కానర్ పెట్టాను. ఫాల్టు లేదని వచ్చింది. పెద్ద రోడ్డు మీదికి తీసుకుపోయి అరవైలో గట్టిగా బ్రేకు కొట్టాను. మేకు దిగినట్టు ఆగింది. "అంతా బాగుంది మేడమ్, కొత్త ప్యాడ్లు కదా, కొన్నాళ్లు అట్లనే ఉంటది" అన్నాను. ఆమె నన్ను చూసి, "నా వయసు చూసి చెప్తున్నావా, కారు చూసి చెప్తున్నావా?" అని అడిగింది. నేను నవ్వాను. అది జవాబు కాదని ఆమెకు తెలుసు.

భాయ్ ప్యాడ్లు విప్పి మళ్లీ వేశాడు. మళ్లీ గాలి తీశాడు. చెప్పులు సీటు కింద పెట్టి షెడ్డు పక్క సందులో మనిషి నడిచేంత మెల్లగా పోతూ, ఆపుతూ, మళ్లీ పోతూ నాలుగైదు చుట్లు తిరిగాడు. దిగి నా దగ్గరికి వచ్చాడు.

"తమ్మీ, నా ప్యాడ్లల్ల ఏం లేదు. ఆగేముందు స్టీరింగు జెర కుడికి గుంజుతుంది. అంటే ఎడమ చక్రం బ్రేకు వదుల్తుంది. ముందు ఎడమ. అది ఇంకా తిరుగుతనే ఉన్నది, ఆగిపోయిన అని చెప్తుంది. అబద్ధం ఆడ్తుంది అది."

"భాయ్, మిషన్ల ఏం లేదని వచ్చింది. నీ అరికాల్ల ఏమన్న వైరు పెట్టించుకున్నవా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. భాయ్ కూడా నవ్వాడు. "వైరు లేదు గని, నువ్వొక్కసారి సందుల తిప్పి చూడు, అరవైల గాదు, ఆరుల" అన్నాడు. చూస్తానన్నాను. చూడలేదు. కోటు వేసుకున్న మనిషి సందులో ఆరు మీద కారు నడిపితే ఎవరైనా చూస్తే ఏమనుకుంటారని.

ఆ తర్వాత పదిరోజులకు మేడమ్ రైల్వే గేటు దగ్గర వరుసలో నిలబడబోతుండగా కారు ఆ మూర ముందుకు పోయింది. ముందున్న స్కూటరుకు తగిలింది. దాని మీది పెద్దమనిషి పడి మణికట్టు విరిగింది. ఆమె దిగి, కారులో ఉన్న పేపరు మడిచి ఆయన చేతికి కట్టుగా కట్టి, ఆసుపత్రికి పంపి, కారును ఇంకొకరితో మా షెడ్డుకు నడిపించుకొని వచ్చింది. సేటు ముందు నిలబడి ఒకే మాట అన్నది: "ఆయన చెయ్యి విరగ్గొట్టింది నేను, కట్టింది నేను. నా కాలు సరిగ్గా ఉందో, మీ పని సరిగ్గా ఉందో నాకు తెలియాలి. తెలిసేదాకా స్టీరింగు ముట్టను."

సేటు మా ఇద్దర్నీ లోపలికి పిలిచాడు.

"ఏందయ్యా, మూడుసార్లు వచ్చింది కారు. ఎవరి పని ఇది?"

నేను స్కానర్ కాగితం బల్ల మీద పెట్టాను. ఫాల్టు లేదని అచ్చులో ఉంది, కింద నా సంతకం. భాయ్ దగ్గర కాగితం లేదు. ఆయన దగ్గర ఉన్నది పాదం ఒక్కటే, దాన్ని బల్ల మీద పెట్టలేడు కదా.

"ముందు ఎడమ సెన్సర్ చూడాలె సేట్" అన్నాడు భాయ్.

సేటు నా వైపు చూశాడు. "సెన్సర్ కొత్తది, నేనే వేసిన" అన్నాను. ఆ మాట నోటి నుంచి వస్తుండగానే నాకు భయం పట్టుకుంది. సెన్సర్ తప్పైతే తప్పు నాదే. అప్పుడు ఇంకో మాట అన్నాను. ఇప్పటిదాకా నేను చెప్పిన కథలో ఎక్కడా ఈ మాట లేదు.

అంతకు రెండు నెలల ముందు, మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పుకొని కూర్చున్నప్పుడు భాయ్ నాతో మెల్లగా అన్నాడు: "తమ్మీ, ఎడమ కాలు మీద చీమలు పాకినట్టు అయితుంది. తిమ్మిరి. డాక్టరు షుగర్ అన్నడు. సేటుకు చెప్పకు, ఊకె పరేషాన్ అయితడు." నేను చెప్పనన్నాను. ఆయన డబ్బాలోంచి ఒక కబాబు తీసి నా డబ్బాలో వేశాడు.

సేటు ముందు నేను అన్న మాట ఇది: "సేట్, భాయ్‌కు షుగర్ ఉన్నది. కాళ్లు తిమ్మిరెక్కుతున్నయి. పెడల్ సరిగ్గ తెలుస్తలేదేమో."

ఏ కాలో చెప్పలేదు.

బ్రేకు తొక్కేది కుడి కాలితో. పెడల్ మాట వినేది కుడి పాదం. తిమ్మిరి ఎడమ కాలికి. ఈ మూడూ నాకు తెలుసు. సేటు "నిజమేనా?" అని భాయ్‌ను అడిగాడు. భాయ్ "షుగర్ నిజమే సేట్" అన్నాడు. ఎడమ కాలని ఆయన చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. నా వైపు చూస్తూ ఆగాడు. ఆ రెండో ముక్క నేనే చెప్తానని ఆగాడని నాకు అప్పుడే అర్థమైంది. నేను బల్ల మీది కాగితాన్ని సరిచేస్తున్నట్టు చేశాను.

"బ్రేకుల పని, మనుషుల ప్రాణాలతోటి పని" అన్నాడు సేటు. కోపంగా అనలేదు, బాధగానే అన్నాడు. "ఇగ ఆరాం చెయ్యి భాయ్."

భాయ్ చేతులు సర్ఫు పొడితో రుద్ది కడుక్కున్నాడు. ఎప్పటిలాగే గోళ్ల సందుల్లో కూడా. బట్టలు మార్చుకొని, చెప్పులేసుకొని, నేను పని చేస్తున్నట్టు నటిస్తున్న కారు దగ్గరికి వచ్చాడు.

"తమ్మీ, ఆ ముందు ఎడమ చక్రం ఒక్కసారి చూడు. నా కోసం గాదు, ఆ అమ్మ కోసం."

మూడో రోజు చూశాను. అందరూ తిండికి పోయిన వేళ బూట్లు విప్పి, కారు సందులోకి తీశాను. స్కానర్ పక్క సీట్లో పెట్టి నాలుగు చక్రాల వేగం చూస్తూ ఆరు మీద పోయి మెల్లగా బ్రేకు తొక్కాను. నా పాదానికి ఏమీ తెలియలేదు, అది ఒప్పుకుంటున్నాను. నాకు తెలిసింది తెర మీదే. మూడు చక్రాలు ఐదు చూపిస్తున్నాయి. ముందు ఎడమ సున్నా చూపించింది. కారు ఇంకా కదులుతోంది.

సెన్సర్ విప్పాను. అది కూర్చునే చోట తుప్పు, నెలవంక ఆకారంలో. గోరంత మందం కూడా లేదు. ఆ తుప్పు మీద కూర్చోవడంతో సెన్సర్ రింగుకు కాస్త ఎడంగా లేచి ఉంది. వేగంగా పోయేటప్పుడు అది రింగును పట్టుకోగలిగింది, మెల్లగా పోయేటప్పుడు పట్టుకోలేకపోయింది. చక్రం ఆగిందనుకొని డబ్బా బ్రేకు వదిలేసింది. పాతది ఊడబీకిన రోజు కొత్తది పెట్టేముందు గరుకు ఎమ్రీ కాగితంతో ఆ చోటు రుద్ది ఉంటే సరిపోయేది. అప్పుడు రుద్దాను. చాయ్ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. మళ్లీ బిగించి సందులో తిప్పితే నాలుగు చక్రాలూ కలిసి సున్నాకు వచ్చాయి.

మేడమ్ వచ్చి తనే నడిపి చూసుకుంది. దిగి, "అయితే నా కాలు బాగానే ఉంది" అన్నది. అని మళ్లీ ఎక్కి, స్టీరింగు పట్టుకొని తనే ఇంటికి నడుపుకుపోయింది.

సేటు నా భుజం తట్టాడు. "మిషన్ సుత దొరకబట్టలేనిది దొరకబట్టినవ్" అన్నాడు. తర్వాత అడిగాడు, "అయితే భాయ్ తప్పేం లేదన్నట్టేనా?"

ఇంతకంటే తేలికైన ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. లేదు సేట్ అంటే చాలు, ఆయన మర్నాడే భాయ్‌ను పిలవడానికి మనిషిని పంపేవాడు. "అది వేరే సేట్, ఇది వేరే" అన్నాను.

నెల గడిచాక నాకు ఉండబట్టలేక మల్కాజ్‌గిరి పోయాను. చెప్పేద్దామనే పోయాను. ఇందులో ఎక్కువ చేసి రాయడం లేదు. భాయ్ మంచం మీద కూర్చోబెట్టి, లోపలికి చాయ్ కేకేసి, ఎలా ఉన్నావని అడిగి, తన సంగతి తనే చెప్పాడు.

"లాలాపేటల ఒక షెడ్డోళ్లు పిలుస్తున్నరు, బ్రేకుల పనికే. పోదామా వద్దా అని ఆలోచిస్తున్న." కప్పు నా చేతికిచ్చాడు. "ఆ అమ్మ కారు ఏమైంది తమ్మీ? దొరికిందా?"

"దొరికింది భాయ్."

"ఏ చక్రం?"

ముందు ఎడమ అంటే తర్వాతి మాట, ఆ సెన్సర్ బిగించింది నువ్వే కదా అని. ఆయన ఆ మాట అనడు. అయినా నేను వినవలసి వస్తుంది. వేడి చాయ్ ఒక గుక్క మింగి చెప్పాను.

"వెనక కుడి."

భాయ్ కుడి కాలు మంచం మీదికి తీసుకొని, అరికాలిని బొటనవేలితో మెల్లగా ఒత్తి చూసుకున్నాడు, మార్కెట్‌లో పండు పట్టి చూసినట్టు. "ఎడమ అనే అనుకున్న" అన్నాడు. "ముందు ఎడమ అని ఒట్టేసి, ఖసమ్ తిని చెప్దును. అయితే ఈ కాలు సుత పోయినట్టే." తర్వాత నవ్వి, "నువ్వు సేటుకు చెప్పిందే నిజమైంది తమ్మీ. మంచిగనే చెప్పినవ్, లేకుంటే నా చేతుల మీద ఎవరన్న పోయేటోళ్లు" అన్నాడు.

నేను చాయ్ పూర్తిగా తాగి కప్పు కింద పెట్టి వచ్చేశాను.

ఆయన లాలాపేట పోలేదు. స్టేషన్ దగ్గర సంచుల జిప్పులు బాగుచేసే దుకాణంలో కూర్చున్నాడు. ఎండాకాలంలో కూడా మేజోళ్లు, బూట్లు. కాళ్లు జాగ్రత్త అని డాక్టరు చెప్పాడట. ఏ బండి ఎక్కినా వెనకే కూర్చునేవాడని, డ్రైవరు పక్క సీటుకు పిలిచినా వచ్చేవాడు కాదని తర్వాత విన్నాను. ఒకసారి నా స్కానర్ సంచి జిప్పు పోతే ఆయన దగ్గరికే తీసుకుపోయాను. ఎందుకు పోయానో నాకే తెలియదు. సంచిని అటూ ఇటూ తిప్పి చూసి, "డాక్టర్ సాబ్ లోపల్నే ఉన్నడా? జెర బయట కూసోమను, నొప్పి పెట్టకుంట కుట్లేస్త" అన్నాడు. చాలా బాగా కుట్టాడు. సంచి చిరిగిపోయింది కాని ఆ జిప్పు ఇప్పటికీ గట్టిగానే ఉంది.

నేను మాత్రం ఆ కథను చెప్పుకుంటూ వచ్చాను. మొదట ఫాల్టు నేను కనిపెట్టాను. తర్వాత స్కానర్ లేకుండా కనిపెట్టాను. తర్వాత ఒట్టి కాలితో. చివరికి కళ్లు మూసుకొని. ఆయన దగ్గర ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా తీసుకొని నేను వేసుకున్నాను. కళ్లు మూసుకోవడం ఒక్కటే నా సొంతం.

మొన్న వానాకాలంలో భాయ్ పోయాడు. అందరితో పాటు నేనూ మూడు పిడికిళ్ల మట్టి వేశాను. బయటికి వస్తుంటే ఆయన కొడుకు నా చెయ్యి పట్టుకున్నాడు. మీలో కొందరికి తెలుసు అతను, మౌలాలి వైపు సొంతంగా చిన్న షెడ్డు పెట్టుకున్నాడు.

"చాచా, అబ్బా ఆఖరికి సుత ఒక కారు గురించే అనేటోడు. ముందు ఎడమ అనే అనిపిస్తుంది బేటా, గని కాలు ధోకా ఇచ్చింది అని. ఏం కారు చాచా అది?"

ఇక్కడ, "అప్పుడు అతని రెండు చేతులూ పట్టుకొని ఉన్నదంతా చెప్పేశాను" అని రాశాను. చదివి కొట్టేశాను. చెప్పలేదు. "ఏదో పాత కారు బేటా" అని బస్సెక్కాను.

సంఘం పుస్తకం ప్రతి షెడ్డుకూ పోతుంది. మౌలాలి షెడ్డుకూ పోతుంది. మిగిలినవాళ్లు ఇందులోంచి ఏమైనా నేర్చుకుంటే, కొత్త సెన్సర్ పెట్టేముందు అది కూర్చునే చోటు రుద్దండి, ఎవరైనా చివర్లో పెడల్ వణుకుతోందంటే సందులో ఆరు మీద తిప్పి చూడండి. అంతే. ఇక్కడి నుంచి ఒక్కడికే రాస్తున్నాను.

బేటా, ఆ కారు సైనిక్‌పురి మేడమ్‌ది. తుప్పు మీద సెన్సర్ బిగించింది నేను. మీ అబ్బాకు తిమ్మిరి ఎడమ కాలికి, బ్రేకు తొక్కింది కుడి కాలితో. నేను వెనక కుడి అని చెప్పాను.

ముందు ఎడమ. ఆయన చెప్పిన చక్రమే.